ఇంట్లో మనిషి పాడిన పాట

జనవరి 9

టైర్ల కంపెనీవాళ్ళు ఏటా ఇచ్చే డైరీ ఇది. ఏటా దీన్ని కుట్టుమిషన్ ఊగకుండా కాలి కింద పెట్టేదాన్ని. ఈసారి మిషన్ని ఊగనిచ్చి ఇందులో రాస్తున్నాను. ఇవాళ ఒక ఘనకార్యం చేశాను, చెప్పుకోవడానికి మనిషి లేడు.

పక్క షెడ్డు మెకానిక్ తన చలికోటు నా సీటు కవర్ల దుకాణంలో మేకుకి తగిలిస్తాడు. వాడి షెడ్డులో మేకుకి కూడా గ్రీజు ఉంటుంది మరి. వాడు టీకి వెళ్ళినప్పుడు ఆ కోటు రెండు చేతుల చివర్లూ కుట్టేశాను. మామూలు దారం కాదు, రెక్సిన్ కుట్టే దారం. సాయంత్రం తొడుక్కున్నాడు. చేతులు లోపలికి వెళ్ళాయి గానీ బయటికి రాలేదు. నడిరోడ్డు మీద రెక్కలు కట్టేసిన కోడిలా గిలగిల కొట్టుకున్నాడు.

"అక్కా! నీకు జుట్టు నెరిసింది గానీ బుద్ధి మాత్రం మొలకెత్తలేదక్కా!"

"మొలిస్తే నువ్వు పీకేస్తావని దాచుకున్నాన్రా!"

వీధంతా నవ్వింది. నేనూ నవ్వాను. నా నోరు నవ్వింది అంటే సరిపోతుంది.

చిన్నప్పట్నుంచీ అన్నయ్యకీ నాకూ ఒక కట్టుబాటు ఉంది. ఎవరినైనా బోల్తా కొట్టిస్తే ఆ రోజే రెండోవాళ్ళకి రిపోర్టు ఇవ్వాలి. ఇవ్వకపోతే అది చెల్లదు. అన్నయ్య పెద్ద గాయకుడై పోస్టర్ల మీదకెక్కాక కూడా ఆ కట్టుబాటు తప్పలేదు. ఎక్కడెక్కడి హోటళ్ళనుంచో ఫోన్ చేసి "కోతీ, రిపోర్టు!" అనేవాడు.

వానాకాలంలో పోయాడు. కోటు చేతులు కుట్టిన సంగతి ఇక్కడ రాస్తే చెల్లుతుందేమో చూద్దాం.

జనవరి 10

చెల్లలేదు.

జనవరి 17

రెండు స్కూటర్ సీట్లు, ఒక వ్యాను సీటు. ఇంకేమీ లేదు.

జనవరి 23

వదిన ఫోన్ చేసి "ఏడ్చావా పిల్లా?" అంది. నా జుట్టు సగం తెల్లబడినా ఆవిడకి నేను పిల్లనే. "ఇంకా తీరిక దొరకలేదు వదినా, వ్యాను సీట్ల గిరాకీ బాగుంది" అన్నాను. ఆవిడ నవ్వలేదు.

నేను రాయినని మా వాళ్ళందరికీ గట్టి నమ్మకం. ఆ రోజు క్షౌరశాలకి నేను పరుగెత్తుకెళ్ళేసరికి అన్నయ్య కుర్చీలోనే ఉన్నాడు, తల పక్కకి వాలి, సగం గడ్డం గీసి, సగం నురగతో. డాక్టరు వచ్చి చూసి తల అడ్డంగా ఊపి వెళ్ళిపోయాడు. మంగలి చేతిలో కత్తి ఇంకా అలాగే ఉంది. "మిగతా సగం కూడా కానివ్వండి, ఇలా ఇంటికి తీసుకెళ్తే వదిన ఊరుకోదు" అన్నాను. నేను సరదాకి అనలేదు. అందరూ నా వైపు ఎలా చూశారో ఇప్పటికీ గుర్తే. మంగలి గీశాడు. చాలా నున్నగా గీశాడు.

ఏడుపు రానివాళ్ళు ఉంటారు. అంతే.

ఫిబ్రవరి 2

సోడాబుడ్డి వచ్చాడు. ముప్ఫై ఏళ్ళ నాడు మా బ్యాండులో బాస్ గిటారు వాయించేవాడు, ఇప్పుడు జీవిత బీమా అమ్ముతున్నాడు. కళ్ళద్దాలు మాత్రం అవే. అన్నయ్య పాట, వాడి బాస్, నా డ్రమ్ములు: ముగ్గురం కలిసి 'నిప్పుకోళ్ళు'. ఆ పేరు నేను పెట్టిందే. ఎగరలేవు, ఊరికే పరుగెత్తి దుమ్ము లేపుతాయి.

"చెల్లాయ్, కంపెనీవాళ్ళు మన పాటలు మళ్ళీ వేస్తున్నారు!" అన్నాడు, ఊపిరి అందకుండా.

"ఆ మూడు పాటలేగా. టైరు పంక్చర్లు వేసేవాడి దగ్గర కూడా ఉన్నాయి."

"అవి కావు. ఎవరికీ తెలియనివి! రికార్డులకి రెండో వైపున ఉండిపోయిన పాటలు, అరాకొరా పాటలు, అసలు బయటికి రానివి. అన్నీ కలిపి ఒక ఆల్బమ్."

"ఎవరూ వినని పాటలన్నీ ఒక్కచోట పెడితే, ఇక ఎవరూ వినక్కర్లేకుండా తేలిగ్గా ఉంటుంది."

వాడి మొహం చిన్నబోయింది. నాకు జాలి వేయాల్సింది. వాడు కూర్చున్న సీటుకి అప్పుడే జిగురు రాశానని మాత్రం ఆఖర్న చెప్పాను. ఇది కూడా చెల్లలేదు.

ఫిబ్రవరి 11

ఆల్బమ్ చేసే అమ్మాయి దుకాణానికి వచ్చింది. ముప్ఫై ఏళ్ళుంటాయేమో. మెడలో హెడ్‌ఫోన్ గొలుసులా వేసుకుని తిరుగుతుంది. కాబట్టి హెడ్‌ఫోన్ అని పేరు పెట్టాను.

"ఆంటీ, మీ చేతులు ఒకసారి చూడొచ్చా?" అంది. చూపించాను. జిగురు, సూది పోట్లు. "ఇంత వేగంగా డ్రమ్స్ వాయించిన చేతులు ఇవేనా అని..." అంటూ కళ్ళు పెద్దవి చేసింది.

"అవి ఇంట్లో పెట్టి వచ్చాను. ఇవి దుకాణం చేతులు."

పడీపడీ నవ్వింది. మంచి పిల్ల. పాత టేపు రీళ్ళు ఎక్కడున్నాయి అని అడిగితే, వదిన ఇంట్లో చెప్పుల బీరువాలో ఉన్నాయని చెప్పాను. అన్నయ్యకి చెప్పులకీ పాటలకీ తేడా ఉండేది కాదు, రెండూ అరిగేదాకా వాడేవాడు. హెడ్‌ఫోన్ తనే వెళ్ళి తెచ్చుకుంది. బూట్ల అట్టపెట్టెలో ఒక రీలు వేరేగా దొరికిందట, పైన ఏమీ రాయలేదట.

ఏ రీలో నాకు తెలుసు. తెలియదన్నాను.

ఫిబ్రవరి 19

హెడ్‌ఫోన్ స్టూడియోకి రమ్మంది. వెళ్ళాను. గోడలకి నేను సీట్లలో వాడే స్పాంజే అంటించారు, నాకంటే చెత్తగా. ఆ పేరు లేని రీలు పెట్టింది. అందులో పూర్తయిన పాట ఒక్కటే, 'గొళ్ళెం వెయ్యలేదు'. మిగతాదంతా మేం ముగ్గురం తిట్టుకోవడం.

పాట మొదలైంది. లావు గొంతు. పీపాలో కంకర దొర్లుతున్నట్టు.

హెడ్‌ఫోన్ ఆపేసింది. "ఆంటీ, ఇదెవరు? మీ అన్నయ్యగారి గొంతు ఇది కాదుగా. ఆయనది ఆకాశంలో ఉంటుంది!"

ఇక్కడ రాస్తే ఎవరికీ చెప్పినట్టు కాదు కాబట్టి రాస్తున్నాను. ఇది అన్నయ్య గొంతే. ఆకాశంలో ఉన్నదే అన్నయ్యది కాదు. మొదటి పాట రికార్డు చేసినప్పుడు ఆ స్టూడియో ముసలాయన "ఈ గొంతుకి వార్తలు చదివే ఉద్యోగం ఇస్తారు, పాటలు కాదు" అన్నాడు. తర్వాత ఏదో తోచి, చివరి కాపీ తీసేటప్పుడు మిషన్ వేగం నాబ్ కొంచెం పైకి తిప్పాడు. గొంతు సన్నబడి పైకి లేచింది. పాట పరుగెత్తింది. ముగ్గురం నోళ్ళు తెరుచుకుని విన్నాం. దేశం కూడా నోరు తెరుచుకుని విన్నది. అప్పట్నుంచీ ప్రతి పాటకీ నాబ్.

స్టేజీ మీద పై స్వరం వచ్చేసరికి అన్నయ్య మైకు జనం వైపు తిప్పేవాడు. జనమే పాడుకునేవాళ్ళు. ఎంత వినయమో అని పత్రికల్లో రాశారు. మాట్లాడితే అంత లావు గొంతు, పాడితే ఇంత సన్నం, అది వరం అని కూడా రాశారు. నా చేతుల వేగం కూడా ఆ నాబ్‌దే. నేను వాయించింది మామూలుగానే.

"మన రిపోర్టులన్నిట్లోకీ ఇదే పెద్దది. బయటి మనిషికి మాత్రం చెప్పకు కోతీ" అని అన్నయ్య నా చేతిలో చెయ్యి వేయించుకున్నాడు. సోడాబుడ్డి చేత కూడా వేయించాడు.

ఈ ఒక్క పాటకే నాబ్ తిప్పలేదు. తిప్పనివ్వలేదు. "దీనికి ఇదే బాగుంది" అన్నాడు అన్నయ్య. "అలాగైతే ఎవడూ కొనడు" అన్నాడు ముసలాయన. అక్కడితో ఆగిపోయింది. అన్నయ్య దాన్ని బూట్ల పెట్టెలో పెట్టుకున్నాడు. బయటికి తియ్యలేదు. పారెయ్యనూ లేదు.

హెడ్‌ఫోన్‌తో ఏం చెప్పానంటే: "ఎవరో బస్సు కండక్టరమ్మా. పాడతానని వెంటపడితే ఒకరోజు పాడించాం. పేరు కూడా గుర్తు లేదు."

రెప్ప వాల్చకుండా చెప్పాను. నమ్మేసింది. బ్రహ్మాండంగా బోల్తా పడింది.

ఫిబ్రవరి 20

రిపోర్టు: కండక్టరు.

ఎవరికి?

ఫిబ్రవరి 27

హెడ్‌ఫోన్ ఫోన్. "ఆంటీ, ఆ కండక్టర్ పాట తీసేస్తున్నాను. నాకైతే చాలా నచ్చింది. కానీ మీ అన్నయ్యగారు లేని పాటని ఆయన ఆల్బమ్‌లో ఎలా పెట్టను? కంపెనీవాళ్ళు ఒప్పుకోరు."

"తీసెయ్."

"ఇంకో మాట. ఆ రీలు పైపూత రాలిపోతోంది. మొన్న పెట్టినప్పుడే మిషన్ మీద గోధుమరంగు పొడి పడింది. ఇంకొక్కసారి తిరిగితే తిరుగుతుందేమో, ఆ తర్వాత ఉత్త రిబ్బనే. కాపీ తీయాలంటే ఆ ఒక్కసారే తీయాలి. ఆల్బమ్‌లో లేని పాటకి కంపెనీ స్టూడియో ఇవ్వదు. చెప్పుల బీరువాలోకే తిరిగి పంపెయ్యనా?"

"పంపెయ్."

నాకేం.

ఫిబ్రవరి 28

నాకేం. ఒక స్కూటర్ సీటు.

మార్చి 1

నాకేం. ఆ సీటుకి కవరు తిరగేసి కుట్టాను. విప్పి మళ్ళీ కుట్టాను. మళ్ళీ తిరగేసే కుట్టాను.

మార్చి 4

సోడాబుడ్డిని పిలిచి చెప్పాను. అద్దాలు తీసి తుడుచుకున్నాడు. భయం వేస్తే అలా చేస్తాడు.

"నిజం చెప్పొద్దు చెల్లాయ్. జనం ఆ సన్నగొంతుని ఇన్నేళ్ళు నెత్తిన పెట్టుకున్నారు. ఇప్పుడు పోయినవాణ్ణి పట్టుకుని దొంగ అంటారు."

"అయితే ఆ పాట పొడై రాలిపోనీ అంటావా?"

"ఆ అమ్మాయి చేత ఆ పాటకి కూడా నాబ్ తిప్పించెయ్. ఎలాగూ అలవాటేగా."

"అన్నయ్య వద్దన్నాడుగా!"

"చెప్పొద్దని కూడా వాడే అన్నాడు. ఏ మాట నిలబెడతావో నువ్వే తేల్చుకో." అద్దాలు మళ్ళీ పెట్టుకుని, "నీ చేతుల పేరు కూడా పోతుంది, అది చూసుకో" అన్నాడు.

"పోతే సీట్లు కుట్టుకుంటాను."

"కుడుతూనే ఉన్నావుగా."

వాడు అప్పుడప్పుడు ఇంత తెలివిగా మాట్లాడి పాడుచేస్తాడు.

పోయినవాడి మాటలు రెండు. రెండూ నా మీదే పెట్టి పోయాడు, సగం గడ్డంతో. అడుగుదామంటే దొరకడు. ఇది వాడు చేసిన అన్నిట్లోకీ దిక్కుమాలిన వేళాకోళం.

మార్చి 6

ఒకటి తోచింది. నేను చెప్పకూడదు. వినిపించకూడదని అన్నయ్య అనలేదు.

మార్చి 8

వదినని స్టూడియోకి తీసుకెళ్ళాను. "రీలు మీ ఇంటిది కదా, తిరిగి తీసుకునేముందు ఒకసారి వినండి" అని హెడ్‌ఫోన్ పిలిచినట్టు చెప్పాను. హెడ్‌ఫోన్‌కేమో "పెద్దావిడ ముచ్చటపడుతోంది, ఆ ఒక్కసారీ కాపీ తీస్తూనే వినిపించెయ్, నీకు పుణ్యముంటుంది" అని చెప్పాను. ఇద్దరికీ రెండు అబద్ధాలు. చెయ్యి తిరిగిన పని కదా.

దారిలో వదిన అంది: "నన్నెందుకే లాక్కెళ్తున్నావు? మీ అన్నయ్య రికార్డులు నేనెప్పుడు విన్నాను గనక. ఆ సన్నగొంతు ఎవరిదో పరాయి మగాడిదిలా ఉంటుంది నాకు. ఎందుకలా పాడతారూ అంటే, 'ఆర్టు' అనేవారు."

"ఆర్టే వదినా" అన్నాను.

కూర్చోబెట్టారు. వదిన చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని, ఎక్స్‌రే తీయించుకోవడానికి వచ్చినదానిలా బిగుసుకుని కూర్చుంది. రీలు తిరగడం మొదలైంది. పాటకి ముందు అన్నయ్య గొంతు సవరించుకోవడం ఉంది, రెండుసార్లు, గట్టిగా.

"తీగ మీదే ఉంది, చూడండి" అంది వదిన.

సంచీలోకి చూస్తూ, ఏదో వెతుక్కుంటూ, మామూలుగా అంది. స్నానానికి వెళ్ళి తువ్వాలు కనపడకపోతే అన్నయ్య అలాగే గొంతు సవరించేవాడు. మనిషిని పిలవడానికి బద్ధకం.

అన్నాక ఆవిడకి తెలిసింది. తల ఎత్తింది. అప్పటికి పాట మొదలైంది. ఆఖరిదాకా కదల్లేదు. మిషన్ కింద పరిచిన తెల్లకాగితం మీద గోధుమరంగు పొడి పడుతూనే ఉంది. నేను ఆ పొడినే చూస్తున్నాను. నా డ్రమ్ములు కూడా విన్నాను. అంత నిదానంగా ఉన్నాయని మరచిపోయాను. తొందర లేని మనిషి ఎవరో వాయిస్తున్నట్టున్నాయి.

పాట అయ్యాక వదిన అంది: "ఈయన్ని ఇన్నాళ్ళు ఎక్కడ దాచారే?"

చెప్పనని అన్నయ్య చేతిలో చెయ్యి వేశాను. మాట మాటే.

హెడ్‌ఫోన్ నా వైపు తిరిగింది. "ఆంటీ, ఆ కండక్టరు రోజూ వీళ్ళింట్లోనే స్నానం చేసేవాడా?"

"ఏమో. బస్సుల్లో నీళ్ళుండవుగా."

"పాత రికార్డుల్లో మీ డ్రమ్ సెట్టు తాళాలు చెంచాలు గిలక్కొట్టినట్టు ఎందుకుంటాయో నాకు ఎప్పట్నుంచో అనుమానం. ఇందులో నిజం తాళాల్లా మోగుతున్నాయి." కాసేపు ఆ పొడిని వేలితో కదిపింది. "మీరు నాకేమీ చెప్పలేదు. నేనేమీ అడగలేదు. పాట మాత్రం ఆల్బమ్‌లో ఆఖర్న ఉంటుంది, ఇలాగే ఉంటుంది. కంపెనీవాళ్ళతో అతిథి గాయకుడని నేను మాట్లాడుకుంటాను. కానీ అట్ట మీద ఎవరో ఒకరి పేరు వెయ్యాలి. ఏం వెయ్యను?"

నేను కండక్టరు అనబోయాను. వదిన ముందే అందుకుంది.

"ఇంట్లో మనిషి అని వెయ్యమ్మా."

తిరిగొచ్చేటప్పుడు బస్సులో వదిన కిటికీ పక్కన కూర్చుంది. ఏడుస్తోంది. చప్పుడు లేకుండా, తీరిగ్గా. నేను టికెట్టు మడతపెట్టి చిన్న పడవ చేశాను. వదిన సంచీలో వేశాను. అంతకంటే ఏం చెయ్యాలో తెలియలేదు.

మార్చి 9

సీటు సరిగ్గానే కుట్టాను.

మార్చి 30

ఏమీ లేదు.

ఏప్రిల్ 22

ఏమీ లేదు. ఎండ. జిగురు తొందరగా ఆరుతోంది.

మే 16

ఆల్బమ్ వచ్చింది. అట్ట మీద నిప్పుకోడి బొమ్మ వేశారు, ఏ చిత్రకారుడో గానీ బాతు గీశాడు. సోడాబుడ్డి పెట్టె నిండా తెచ్చి, బీమా కట్టినవాళ్ళకి ఒకటి ఉచితం అంటున్నాడు. "చచ్చాక వినమంటావా?" అన్నాను. చాలాకాలానికి వాడు నవ్వాడు.

మే 24

జరిగింది జరిగినట్టు రాయాలి.

మెకానిక్ వారం రోజులుగా షెడ్డులో ఆ ఆల్బమే మోగిస్తున్నాడు. ఇవాళ మధ్యాహ్నం చేతులు గుడ్డకి తుడుచుకుంటూ నా దుకాణంలోకి వచ్చాడు. మొహమాటంగా నిలబడ్డాడు. కోటు చేతుల సంగతి తర్వాత వాడు నా గుమ్మం తొక్కేముందు నేల కూడా చూసుకుంటున్నాడు.

"అక్కా, ఒకటి అడగనా? తప్పుగా అనుకోవద్దు."

"అనుకుంటే ఏం చేస్తావు?"

"ఆ ఆఖరి పాట పాడినాయన... ఎవరక్కా? అబ్బ! ఏం గొంతక్కా అది. కూర్చోబెట్టి భుజమ్మీద చెయ్యేసి మాట్లాడినట్టుంది. నువ్వేమీ అనుకోకు, పెద్దాయన పోయారు, అనకూడదు... కానీ ఈయన ముందు మీ అన్నయ్య దిగదుడుపే!"

నాకు నవ్వు ఆగలేదు. చేతిలో కత్తెర కింద పెట్టేసి నవ్వాను. వాడు బిత్తరపోయాడు. ఈ దెబ్బకి సాటి వచ్చేది అన్నయ్య రిపోర్టుల్లో గానీ నా రిపోర్టుల్లో గానీ లేదు. అన్నయ్యని అన్నయ్యే ఓడించాడు! అది కూడా ఎవరి నోట, సన్నగొంతు పాటలు పొద్దస్తమానం కూనిరాగాలు తీసేవాడి నోట!

షట్టరు దించేశాను. "ఎక్కడికక్కా, ఆయన పేరైనా చెప్పు!" అని వాడు అరుస్తున్నాడు. బస్సెక్కాను. నిలబడే వెళ్ళాను. ఎలా మొదలుపెట్టాలా అని దారంతా మాటలు పేర్చుకున్నాను. మెకానిక్ గొంతు, గుడ్డకి చేతులు తుడుచుకోవడం, ముందు అవి చెప్పాలి. "దిగదుడుపే" అన్న మాట ఆఖర్న పెట్టాలి. ముందే చెప్పేస్తే రుచి ఉండదు. మధ్యలో ఆపి టీ అడగాలి, వినేవాడికి ఒళ్ళు మండుతుంది. బస్సు దిగి, సందు తిరిగి, తలుపు కొట్టాను.

వదిన తీసింది.

"అన్నయ్య ఉన్నాడా?" అన్నాను.

అనేశాను. వెనక్కి తీసుకోవడానికి లేదు. వదిన తలుపు రెక్క పట్టుకుని అలాగే నా మొహంలోకి చూసింది. ఆవిడ వెనక ఇల్లు. చెప్పుల బీరువా. తీగ మీద ఒకే తువ్వాలు.

"లేరు" అంది. మామూలుగా, బజారుకి వెళ్ళిన మనిషి గురించి చెప్పినట్టు. తర్వాత పక్కకి తప్పుకుంది. "నేనున్నాగా. లోపలికి రా. నాకు చెప్పు."

చెప్పాను. పేర్చుకున్న వరసలోనే చెప్పాను. టీ కూడా అడిగాను, పెట్టింది. "దిగదుడుపే" దగ్గర వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. అన్నయ్యలా పడి పడి కాదు. అయినా నవ్వే.

"ఇదొక్కటేనా, ఇంకా ఏమైనా ఉన్నాయా?" అంది.

ఉన్నాయన్నాను. ఈ డైరీలో ఉన్నవన్నీ మొదట్నుంచీ చెప్పడం మొదలుపెట్టాను. మెకానిక్ టీకి వెళ్ళాడు, కోటు మేకుకి ఉంది, రెక్సిన్ దారం ఎక్కించాను, రెండు చేతుల చివర్లూ మిషన్ మీద పెట్టాను. అక్కడ ఏడ్చాను. మెకానిక్ కోటు తొడుక్కోవడం దాకా కూడా వెళ్ళలేకపోయాను.

అది అంత ఏడవాల్సిన సంగతేమీ కాదు.